చివర్లో మిగిలింది మీరూ మీ బావా! ఇద్దరి పోకర్ మీద పాఠకుల ప్రశ్నలు

పోయిన నెల పోకర్ రూల్స్ గురించి నాలుగు ముక్కలు రాశాం కదా, అప్పట్నుంచి మెయిల్ నిండిపోయింది, విచిత్రం ఏంటంటే సగానికి పైగా ఉత్తరాలు ఒకే విషయం మీద: ఇద్దరే మిగిలితే ఎలా ఆడాలి అని. అందుకే ఈసారి పేజీ అంతా హెడ్స్ అప్‌కే, అంటే ఎదురూబొదురూ ఇద్దరే కూర్చుని ఆడే టెక్సాస్ హోల్డెమ్‌కి. కొత్తవాళ్ళకి ఒక్క ముక్కలో: చేతికి రెండు ముక్కలు, బోర్డు మీద అందరికీ కలిపి అయిదు, ముందు మూడు పడతాయి (ఫ్లాప్), తర్వాత ఒకటి (టర్న్), ఆఖర్న ఇంకొకటి (రివర్). చిప్స్ పెట్టి ఆడే ఆట గురించే నేను చెప్పేది, డబ్బుల సంగతి కింద విజయవాడ పాఠకుడి ప్రశ్నలో వస్తుంది, అది కూడా చదవండి దయచేసి.

ప్రశ్న: మేము టెక్సాస్‌లో ఫ్రిస్కోలో ఉంటాం. నెలకోసారి ఎనిమిది మంది కలిసి ఆడతాం, డబ్బుల్లేవు, ముందు అవుటైనవాడు నెక్స్ట్ టైం బిర్యానీ తేవాలి అంతే. చివరికి ఎప్పుడూ నేనూ మా బావా మిగులుతాం, అక్కణ్ణుంచి నేను ఓడిపోతా. చిన్నప్పట్నుంచి రమ్మీ ఆడిన చెయ్యి నాది, ఓపిక బాగా ఎక్కువ, మంచి ముక్కలు పడేదాకా ఆగుతా. అయినా ఎందుకిలా?

జవాబు: ఆ ఓపికే మీ కొంప ముంచుతోందండి. రమ్మీలో చెత్త ముక్కలు పడితే మొదట్లోనే డ్రాప్ చెప్పి 20 పాయింట్లతో బయటపడటం తెలివైన పని, ఎనిమిది మంది పోకర్‌లో కూడా అది బాగానే పనిచేస్తుంది, ఎందుకంటే బ్లైండ్లు, అంటే ముక్కలు చూడకముందే తప్పనిసరిగా పెట్టాల్సిన చిప్స్, ఎనిమిది పంపకాల్లో రెండుసార్లే మీ దగ్గరకొస్తాయి, మిగతా ఆరూ ఫ్రీగా కూర్చోవచ్చు. ఇద్దరాటలో ఫ్రీ అనేది లేదు. ప్రతి పంపకంలో ఒకరు చిన్న బ్లైండ్, ఒకరు పెద్ద బ్లైండ్ పెట్టాల్సిందే. లెక్క చూడండి, బ్లైండ్లు 50, 100 అనుకుందాం, మీరు అన్నీ పడేస్తూ కూర్చుంటే రెండు పంపకాలకి 150 పోతాయి, అంటే సగటున ఒక్కోదానికి 75. చేతిలో 10,000 చిప్స్ ఉన్నా ఏమీ ఆడకుండానే సుమారు 133 హ్యాండ్లలో ఖాళీ అయిపోతారు. ఇక మీరు ఎదురుచూసే రెండు ఆసులు ఎప్పుడొస్తాయి? 221 సార్లకి ఒకసారి. ఏదో ఒక జత చేతికి రావడానికే సగటున 17 పంపకాలు పడుతుంది. మీ బావ గొప్పగా ఆడక్కర్లేదు, మీరు పడేసినవి తీసుకుంటూ కూర్చుంటే చాలు.

ముందు ఒక రూల్ సరిచూసుకోండి, చాలా ఇళ్ళలో దీన్ని తప్పుగా ఆడుతున్నారు. ఇద్దరే ఉన్నప్పుడు డీలర్ బటన్ (పంచే వంతు ఎవరిదో చూపే బిళ్ళ) ఉన్నవాడే చిన్న బ్లైండ్ పెట్టాలి. ఫ్లాప్‌కి ముందు అతనే మొదట ఆడతాడు, ఫ్లాప్ తర్వాత నుంచి చివరికంటా అతను రెండోవాడు. ఈ రెండోవాడు కావడమే ఈ ఆటలో అసలు ఆస్తి, అవతలివాడు ఏం చేశాడో చూసి మీరు చెయ్యచ్చు. కాబట్టి బటన్ మీ దగ్గరున్నప్పుడు దాదాపు పదిలో ఎనిమిది చేతులు ఆడండి, నేను ఎక్కువ చెప్పట్లేదు, నిజంగానే ఎనిమిది. పెద్ద బ్లైండ్‌కి రెండింతలో రెండున్నర ఇంతలో రెయిజ్ చెయ్యండి, అంటే పెంచండి, మరీ చెత్త మాత్రం, అంటే రంగు (ఇస్పేటు, ఆఠీను లాంటి గుర్తు) కలవని ఏడు రెండు, ఎనిమిది మూడు లాంటివి పడేయండి.

పెద్ద బ్లైండ్‌లో ఉన్నప్పుడు బావ 200కి పెంచాడనుకోండి. మీరు ఇంకో 100 వెయ్యాలి, అక్కడ ఇప్పటికే 300 ఉంది, అంటే నాలుగింట ఒక వంతు గెలిచే ఛాన్స్ ఉన్నా కాల్‌కి, అంటే అతను పెట్టినంతా పెట్టి ఆటలో ఉండటానికి, లెక్క సరిపోతుంది. బావ నిజంగానే ఏ ముక్కలతోనైనా పెంచేవాడైతే రంగు కలవని ఏడు రెండుకి కూడా 35 శాతం దాకా ఛాన్స్ ఉంటుంది! అలాగని ఏడు రెండుతో కాల్ చెయ్యమని కాదు, ఫ్లాప్ తర్వాత మీరే ముందు ఆడాలి కాబట్టి ఆ 35 శాతం మొత్తం మీ చేతికి రాదు, మధ్యలో బావ బెట్ పెడితే పారిపోతారు. కానీ పది తొమ్మిది, రాజు నాలుగు, ఒకే రంగు ఆరు అయిదు లాంటివి పడేస్తున్నారంటే మాత్రం అది ఓపిక కాదు, దానం.

ఫ్లాప్ దగ్గర ఇంకో సంగతి. జత లేని రెండు ముక్కలతో వెళ్తే ఫ్లాప్‌లో కనీసం ఒక జత తగిలేది మూడింట ఒకసారే, 32 శాతం చిల్లర. మీకు తగల్లేదంటే బావకీ తగలకపోయే అవకాశమే ఎక్కువ. అందుకే ముందు పెంచినవాడు ఫ్లాప్‌లో పాట్‌లో (మధ్యలో పోగైన చిప్స్‌లో) మూడో వంతు బెట్ పెడితే, అవతలివాడు నాలుగుసార్లకి ఒకసారి పడేసినా ఖర్చు వచ్చేస్తుంది. ఎనిమిది మందిలో చిన్న జత అంటే భయపడాలి, ఇద్దరిలో మధ్య జత కూడా చక్కటి చెయ్యి, ఒట్టి ఆసు కూడా చాలాసార్లు షోలో గెలుస్తుంది.

ఇంతకీ మీ బావ ఎలాంటివాడో మీరు రాయలేదు, అసలు ముఖ్యమైంది అదే. ప్రతిదానికీ కాల్ అనేవాడైతే బ్లఫ్‌లు పూర్తిగా మానేయండి, మధ్య జతతో కూడా బెట్ మీద బెట్ పెట్టండి, ఇస్తాడు. ప్రతి పంపకం పెంచేవాడైతే అప్పుడప్పుడు తిరిగి పెంచండి, ఆసు అయిదు ఒకే రంగు లాంటివి దీనికి బాగుంటాయి. ఫ్లాప్‌లో పెట్టి టర్న్‌లో ఆగిపోయేవాడైతే ఫ్లాప్‌లో కాల్ చేసి టర్న్‌లో మీరు కొట్టండి. తొమ్మిది మంది టేబుల్ మీద ఒక్కొక్కర్ని గమనించడానికి టైం చాలదు, ఇక్కడ ఒక్కడే, వాణ్ణి చూస్తూ ఉండటమే సగం ఆట.

ఇంకా ఒకటి మర్చిపోతున్నా. మీది చివర్లో మిగిలిన ఇద్దరాట కాబట్టి అప్పటికి బ్లైండ్లు బాగా పెరిగిపోయి ఉంటాయి. చేతిలో పెద్ద బ్లైండ్‌కి పదింతలే చిప్స్ ఉంటే పైన చెప్పిన సూక్ష్మాలన్నీ పక్కన పెట్టి బటన్ మీద ఆల్ ఇన్ (ఉన్న చిప్స్ అన్నీ పెట్టేయడం) లేదా ప్యాక్, రెండే. ఆల్ ఇన్‌కి ఏ జతయినా, ఏ ఆసయినా, దాదాపు ఏ రాజైనా పనికొస్తుంది, మొత్తం మీద సగానికి పైనే చేతులు. లేదంటే బ్లైండ్లు పెంచే టైమ్‌ని పావుగంట నుంచి అరగంటకి మార్చమని మీ ఫ్రెండ్స్‌ని అడగండి, ఇద్దరే మిగిలేసరికి కాస్త ఆడినట్టు ఉంటుంది.

ప్రశ్న: బ్లఫ్ చేస్తే నా మొహంలో ఇట్టే తెలిసిపోతుందని మా ఆయన నవ్వుతారు. మొహం దాచుకోవడం ఎలా అండి? (సన్నీవేల్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మొహం కన్నా మీరు చెప్పే కథ అతకడం ముఖ్యమండి. మీవారు మొహం చూసి కాదు, మీ బెట్లు చూసి పట్టేస్తున్నారని నా అనుమానం. ఫ్లాప్‌లో చెక్ (బెట్ పెట్టకుండా ఊరుకోవడం), టర్న్‌లో చెక్, రివర్‌లో ఉన్నట్టుండి ఆల్ ఇన్ అంటే ఎవరు నమ్ముతారు?

2003 వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్ ఫైనల్ చూడండి. టెనెసీ నుంచి వచ్చిన అకౌంటెంట్ క్రిస్ మనీమేకర్, ఆన్‌లైన్‌లో చిన్న శాటిలైట్ (పెద్ద టోర్నమెంట్‌కి ఎంట్రీ గెలిపించే చిన్న పోటీ) గెలిచి లాస్ వేగాస్ వచ్చినవాడు, చివర్లో శామ్ ఫర్హా అనే పెద్ద ప్రొఫెషనల్‌తో ఇద్దరే మిగిలారు. మనీమేకర్ చేతిలో ఇస్పేటు రాజు, ఆఠీను ఏడు. బోర్డు మీద ఇస్పేటు తొమ్మిది, డైమన్ రెండు, ఇస్పేటు ఆరు, తర్వాత ఇస్పేటు ఎనిమిది. అక్కడ అతనికి ఇంకో ఇస్పేటు పడితే ఫ్లష్ (ఒకే రంగు అయిదు ముక్కలు), అయిదో పదో పడితే స్ట్రెయిట్ (వరుసగా అయిదు అంకెలు), అందుకే టర్న్‌లో గట్టిగా పెంచాడు. రివర్‌లో ఆఠీను మూడు పడి ఏదీ రాలేదు, చేతిలో ఒట్టి రాజు. అయినా ఆల్ ఇన్ అనేశాడు. ఫర్హా దగ్గర రాణి తొమ్మిది, అంటే బోర్డులో అన్నిటికన్నా పెద్ద జత. చాలాసేపు ఆలోచించి పడేశాడు. మనీమేకర్ గెలిచి 25 లక్షల డాలర్లు పట్టుకెళ్ళాడు, ఆ తర్వాత ఆన్‌లైన్ పోకర్‌కి జనం ఎగబడ్డారు. అక్కడ పనిచేసింది మొహం ఒక్కటే కాదు, టర్న్‌లో పెంచినప్పుడే ఫ్లష్ ఉన్నట్టు కథ మొదలైంది, రివర్ దాన్ని పూర్తి చేసింది అంతే. ఆ వీడియో ఇప్పటికీ దొరుకుతుంది, మీవారితో కలిసి చూడండి.

ఇక లెక్క సులువు. పాట్‌కి సమానంగా బ్లఫ్ పెడితే సగంసార్లు పడేయాలి, సగం పాట్ పెడితే మూడింట ఒకసారి పడేస్తే చాలు. ఇంకా డ్రా ఉన్న ముక్కలతోనే, అంటే ఇంకో ముక్క పడితే ఫ్లషో స్ట్రెయిటో అయ్యేవాటితోనే, బ్లఫ్ మొదలుపెట్టండి, కాల్ చేసినా ఆశ మిగిలి ఉంటుంది. మొహం గురించి అడిగారు కాబట్టి చెప్తా, మంచి ముక్కలొచ్చినా చెత్తొచ్చినా ఒకేలా, ఒకే వేగంతో చిప్స్ ముందుకి తోయండి. అంతకు మించి నటించక్కర్లేదు.

ప్రశ్న: ఇద్దరి పోకర్‌ని కంప్యూటర్ ఆల్రెడీ సాల్వ్ చేసేసిందంట కదా సార్, మరి ఇంక మనం నేర్చుకుని ఏం లాభం? (వరంగల్ ఇంజనీరింగ్ స్టూడెంట్)

జవాబు: సగం నిజం తమ్ముడూ. సాల్వ్ అయింది లిమిట్ హోల్డెమ్, అంటే బెట్ సైజు ముందే ఫిక్స్ అయి ఉండే రకం. కెనడాలో అల్బెర్టా యూనివర్సిటీ వాళ్ళు 2015లో సెఫియస్ అనే ప్రోగ్రామ్ తెచ్చారు, నాలుగు వేలకు పైగా ప్రాసెసర్లు రెండు నెలలకు పైగా తనతో తనే ఆడించి ఆడించి, ఒక మనిషి జన్మంతా ఆడినా దాని తప్పు పట్టలేనంత దగ్గరికి తెచ్చారు. నాకు అందులో నచ్చింది వేరే, డీలర్‌కి ఉన్న లాభం ఎంతో కూడా అది తేల్చింది: ఇద్దరూ తప్పుల్లేకుండా ఆడినా బటన్ ఉన్నవాడికి ఒక్కో హ్యాండ్‌కి పెద్ద బ్లైండ్‌లో దాదాపు 9 శాతం మిగులుతుంది. ఇంకొకటి, అది చిన్న బ్లైండ్ నుంచి ఊరికే కాల్ చెయ్యడం దాదాపు ఉండదు, ఆడితే రెయిజే. పైన ఫ్రిస్కో అన్నయ్యకి నేను గొంతు చించుకుని చెప్పింది అదే.

మనం ఆడే నో లిమిట్ సంగతి వేరు, అందులో ఎంతైనా పెట్టచ్చు కాబట్టి లెక్క ఎన్నో రెట్లు పెద్దది. అక్కడ కథ 2015లో మనుషుల వైపే నడిచింది, కార్నెగీ మెలన్ వాళ్ళ క్లాడికో అనే ప్రోగ్రామ్ పిట్స్‌బర్గ్ రివర్స్ కాసినోలో నలుగురు ప్రొఫెషనల్స్ మీద 80,000 హ్యాండ్లు ఆడి చిప్స్‌లో వెనకబడింది. అదే యూనివర్సిటీ నుంచి టూమస్ శాండ్‌హోమ్, నోమ్ బ్రౌన్ 2017 జనవరిలో లిబ్రాటస్‌తో వచ్చారు. 20 రోజులు, 1,20,000 హ్యాండ్లు, డాంగ్ కిమ్, జేసన్ లెస్, జిమ్మీ చౌ, డేనియల్ మెకాలే నలుగురూ ఓడిపోయారు, మొత్తం తేడా 17 లక్షల డాలర్లకి పైగా విలువైన చిప్స్. పగలంతా వాళ్ళు ఏ సైజు బెట్లతో దాన్ని ఇబ్బంది పెట్టారో చూసుకుని, రాత్రికి రాత్రి సూపర్ కంప్యూటర్ మీద ఆ సందులు పూడ్చుకునేది అది. పొద్దున్నే వచ్చి చూస్తే నిన్నటి కిటుకు పనిచేయట్లేదు, పాపం.

మరి మనకేంటి లాభం అంటావు. నీ ఎదురుగా కూర్చునేది లిబ్రాటస్ కాదు కదా, హాస్టల్ రూమ్మేట్. కంప్యూటర్ ఆడేది ఎవరి చేతిలోనూ ఓడకుండా ఉండే ఆట, ఎదుటివాడి బలహీనత ఏరుకుని తినే ఆట కాదు. రూమ్మేట్ రివర్‌లో ఎప్పుడూ బ్లఫ్ చెయ్యడని నీకు తెలిస్తే, నువ్వు అక్కడ మంచి జత కూడా పడేయచ్చు, మెషీన్ అలా పడేయదు. ఆ మెషీన్ నుంచి తీసుకోవాల్సింది మాత్రం ఉంది. పాట్ కన్నా రెండు మూడింతలు పెద్ద బెట్లు పెట్టడానికి అది జంకలేదు, చాలామంది ప్రొఫెషనల్స్ అప్పటిదాకా అంత ఎక్కువగా వాడేవాళ్ళు కాదు. ఇంకా రాత్రిపూట సందులు పూడ్చుకోవడం, అది నువ్వూ చెయ్యచ్చు: ఆట అయ్యాక నిన్ను బాగా తికమక పెట్టిన రెండు హ్యాండ్లు పుస్తకంలో రాసుకో, బ్లైండ్ ఎంత, ఎవరు బటన్, బోర్డు ఏంటి, ఎవరు ఎంత పెట్టారు, అప్పుడు నువ్వు ఏం అనుకున్నావ్. ఆ చివరిది రాయకపోతే మిగతాది వేస్ట్. మర్నాడు చూసుకుంటే నీకే తెలుస్తుంది, ఓడిన హ్యాండ్ సరిగ్గానే ఆడి ఉంటావ్, గెలిచినదాంట్లో తప్పు ఉంటుంది.

ప్రశ్న: నేనూ మా ఫ్రెండూ 300 హ్యాండ్లు ఆడాం, వాడు ముందున్నాడు, వాడే బెస్ట్ అని ఒప్పుకోమంటున్నాడు. ఒప్పుకోవాలా? (బెంగళూరు)

జవాబు: అస్సలు ఒప్పుకోకండి. 300 అంటే ఏమీ కాదు, వెయ్యి ఆడినా అదృష్టమే ఎక్కువ మాట్లాడుతుంది. రెండు ఆసులకే ఏదో ఒక చెత్త చేతి మీద 85 శాతం, అంటే ఏడుసార్లకి ఒకసారి అవే ఓడిపోతాయి! పోకర్ ప్రొఫెషనల్స్ డేనియల్ నెగ్రానూ, డగ్ పోల్క్ ఇద్దరూ మాటామాటా అనుకుని 2020 నవంబర్‌లో పందానికి కూర్చున్నప్పుడు 25,000 హ్యాండ్లు అని రాసుకున్నారు, మొదటి 200 టేబుల్ మీద, మిగతాది ఆన్‌లైన్, 2021 ఫిబ్రవరి దాకా సాగింది, చివరికి పోల్క్ 12 లక్షల డాలర్లు గెలిచాడు. ఇద్దరాటే అతని స్పెషాలిటీ కాబట్టి చాలామంది అతనే గెలుస్తాడనుకున్నారు, అయినా అన్ని హ్యాండ్లు పెట్టుకున్నారు చూడండి.

మీకు అంత ఓపిక లేకపోతే లిబ్రాటస్ మ్యాచ్‌లో వాడిన పద్ధతి ఉంది, నాకైతే ఇది బాగా ఇష్టం. నలుగురు కావాలి, ఇద్దరిద్దరు ఒక టీమ్. రెండు టేబుళ్ళు, వేరే వేరే గదుల్లో. రెండు పేకల్నీ ఒకే వరుసలో పేర్చాలి, ఒక టేబుల్లో మీకు వచ్చిన ముక్కలు రెండో టేబుల్లో అవతలి టీమ్ వాడికి వస్తాయి, బటన్ కూడా అలాగే. అంటే మీకు రెండు రాజులు వస్తే అక్కడ వాళ్ళకీ అవే రాజులు. ప్రతి హ్యాండ్ తర్వాత చిప్స్ మొదటికి తెచ్చి, ఎవరెంత గెలిచారో కాగితం మీద రాసుకోవాలి. ముక్కలు బాలేదనే సాకు చాలావరకు పోతుంది. పేర్చడానికి ఆడని మనిషి ఒకరు కావాలి, మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఉంటే సరదాగా చేస్తారు. ముప్ఫై హ్యాండ్లకి ఒక సాయంత్రం పట్టేస్తుంది, మధ్యలో మిరపకాయ బజ్జీ తిన్న చేతులతో ముక్కలు ముట్టుకోకండి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో డబ్బులు పెట్టి ప్రాక్టీస్ చేస్తేనే సీరియస్‌గా నేర్చుకుంటాం అంటున్నారు మా ఆఫీసులో. ఇప్పుడు అది ఓకేనా? (విజయవాడ)

జవాబు: కాదండి. తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ డబ్బు ఆటలు ఆపింది, ఆంధ్రప్రదేశ్ 2020లో రమ్మీ, పోకర్ రెండూ కలిపి ఆపింది. ఆ పైన 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికి చట్టం చేసింది, 22న రాష్ట్రపతి సంతకం అయింది, స్కిల్లా అదృష్టమా అన్న తేడా లేకుండా ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలన్నీ బంద్. నడిపేవాళ్ళకి మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా ఫైన్. ఆడేవాడికి ఈ చట్టంలో శిక్ష లేదు కానీ, పేరున్న కంపెనీలన్నీ డబ్బు ఆట మూసేశాక ఇంకా నడుస్తున్నాయంటే అవి విదేశాల నుంచి వచ్చే ఊరూ పేరూ లేని యాప్‌లు, అక్కడ మీ డబ్బు తిరిగి రాకపోతే ఎవర్ని అడుగుతారు?

స్కిల్ గేమ్ కదా అని వాదించే మీ ఆఫీసు వాళ్ళకి ఒక పాత కథ చెప్పండి. 1968లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణకీ మధ్య సుప్రీంకోర్టులో నడిచిన కేసు, సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో రమ్మీ గురించి. ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, పట్టుకోవడంలో వదలడంలో నేర్పు కావాలి కాబట్టి రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆట అంది కోర్టు, మూడు ముక్కలాట మాత్రం ఒట్టి అదృష్టం అంది. దేశమంతా ఇప్పటికీ ఎత్తి చూపే తీర్పు మన దగ్గర్నుంచి వెళ్ళిందే. కానీ ఆ తీర్పు పట్టుకుని అపార్ట్‌మెంట్‌లో డబ్బులు పెట్టి పోకర్ ఆడితే మర్నాడు జిల్లా ఎడిషన్‌లో పేకాట స్థావరంపై పోలీసుల దాడి అని మీ ఫోటో పడచ్చు. గోవాలో లైసెన్స్ ఉన్న కాసినోల్లో టేబుల్ మీద ఆడటం వేరే సంగతి.

ప్రాక్టీస్‌కి డబ్బు లేని ఆటలో జనం పిచ్చిగా ఆడతారు, నిజమే. దానికి మందు ఏంటంటే, కొత్తవాళ్ళతో ఆడకుండా మీ సీరియస్ ఫ్రెండ్ ఒకర్ని పట్టుకుని స్కోరు పుస్తకం పెట్టండి. ఆఫీసులో ఎవరు ముందున్నారో అందరికీ తెలిస్తే చాలు, పరువు కన్నా పెద్ద పందెం మనవాళ్ళకి ఏముంది.

ప్రశ్న: మా ఆయన లాస్ వేగాస్ ట్రిప్ పెట్టారు, పోకర్ పిచ్చి. నాకు ఆడాలని లేదు కానీ చూసి ఎంజాయ్ చెయ్యాలనుంది. ఏం తెలుసుకుని వెళ్ళాలి? (న్యూజెర్సీ)

జవాబు: మీలాంటి ఉత్తరం కోసమే చూస్తున్నా. ఆడకపోయినా ఈ లోకం బాగుంటుందండి, కథలే కథలు.

వరల్డ్ సిరీస్ 1970లో డౌన్‌టౌన్‌లో బినియన్స్ హార్స్‌షూ అనే కాసినోలో మొదలైంది, 2022 నుంచి స్ట్రిప్ అనే మెయిన్ రోడ్డు మీద హార్స్‌షూ, పారిస్ అనే రెండు పక్కపక్క హోటళ్ళలో జరుగుతోంది. వేసవిలో వెళ్తే వందల టేబుళ్ళు, వేలమంది చిప్స్ గలగలలాడిస్తూ ఉంటారు, ఆ శబ్దం వినడానికే వెళ్ళచ్చు. బయట నిలబడి చూడటానికి మామూలుగా టికెట్ ఉండదు. గెలిచినవాళ్ళకి డబ్బుతో పాటు బంగారు బ్రేస్‌లెట్ ఇస్తారు, మనవాళ్ళకీ వచ్చాయి: 2017లో ఆదిత్య సుశాంత్, నిపుణ్ జావా కలిసి జట్టు ఈవెంట్ గెలిచారు, 2018లో నికితా లూథర్, 2024లో సంతోష్ సువర్ణ రెండున్నర లక్షల డాలర్ల ఎంట్రీ ఉన్న టోర్నమెంట్ గెలిచి 54 లక్షల డాలర్లు తీసుకున్నాడు.

అక్కడ ఎవరైనా పది రెండు చూపించి డాయిల్ బ్రన్సన్ అంటే ఆశ్చర్యపోకండి, ఆ పెద్దాయన 1976లో, 1977లో వరుసగా రెండేళ్ళు మెయిన్ ఈవెంట్ చివరి హ్యాండ్ ఆ ముక్కలతోనే గెలిచాడు, 2023లో పోయాడు. నల్ల ఆసులు, నల్ల ఎనిమిదులు అంటే చచ్చినవాడి చెయ్యి అంటారు, 1876లో డెడ్‌వుడ్ అనే ఊళ్ళో వైల్డ్ బిల్ హికాక్‌ని వెనక నుంచి కాల్చినప్పుడు అవే పట్టుకుని ఉన్నాడని చెప్పుకుంటారు. హోల్డెమ్ పుట్టింది టెక్సాస్‌లో రాబ్స్‌టౌన్‌లో అని ఆ రాష్ట్ర చట్టసభే 2007లో తీర్మానం చేసింది. మన ఫ్రిస్కో అన్నయ్య ఒకసారి డ్రైవ్ వేసుకు రావచ్చు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన మనిషి హెన్రీ ఒరెన్‌స్టయిన్. పోలండ్‌లో పుట్టి నాజీ క్యాంపుల నుంచి బతికి బయటపడి అమెరికా వచ్చి బొమ్మల వ్యాపారం చేశాడు, పిల్లలాడుకునే ట్రాన్స్‌ఫార్మర్స్ బొమ్మలు అమెరికాకి రావడం వెనక ఉన్నది ఈయనే. టీవీలో పోకర్ చూస్తుంటే ముక్కలు కనపడవు, బోర్ అని, టేబుల్లో చిన్న కెమెరా పెట్టి ఆటగాళ్ళ ముక్కలు ప్రేక్షకుడికి చూపించే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. ఇవాళ మనం బ్లఫ్ అని ముందే తెలిసి సోఫాలో ఊపిరి బిగబట్టి చూస్తున్నామంటే ఆయన పుణ్యమే.

ఇంకొక కథ, ఇది ఇద్దరాటదే. డాలస్ బ్యాంకర్ ఆండీ బీల్‌కి లెక్కలంటే పిచ్చి. 2001 నుంచి 2006 దాకా మధ్యమధ్య వేగాస్‌కి వచ్చి ప్రొఫెషనల్స్‌ని ఒక్కొక్కరితో ఆడదాం రమ్మన్నాడు, పందెం ఎంత పెంచాడంటే వాళ్ళంతా కలిసి చందాలేసుకుని ఒక జట్టుగా వంతులవారీగా ఆడాల్సొచ్చింది. పందెం అంత పెద్దదైతే వాళ్ళకి భయం, అదే అతని ఎత్తు. కొన్నిసార్లు నిజంగానే గెలిచాడు కూడా. 2006 ఫిబ్రవరిలో ఆ జట్టులోని ఫిల్ ఐవీ మూడు రోజుల్లో 1 కోటి 60 లక్షల డాలర్లకి పైగా గెలిచి ఆ కథ ముగించాడు. ఇంత డబ్బు గురించి చదవడానికే బాగుంటుంది, మన పాలిట సినిమా.

మర్యాదలు కొన్ని తెలిస్తే మీవారి పక్కన కూర్చున్నప్పుడు ఇబ్బంది ఉండదు. హ్యాండ్ నడుస్తుంటే ఆయన ముక్కలు చూసి ఏమీ అనకూడదు, పెదవి కూడా విరవకూడదు. గెలిచే చెయ్యి పెట్టుకుని కావాలని లేటుగా చూపించడం చాలా చెడ్డ పని అంటారు, దాన్ని స్లో రోల్ అంటారు, దానికి మాత్రం కొట్లాటలు అవుతాయి. ఓడినవాడికి నువ్వు ఇలా ఆడాల్సింది అని పాఠం చెప్పకూడదు, మన ఇళ్ళలో అన్నిటికన్నా ఎక్కువ జరిగే నేరం ఇదే!

ప్రశ్న: మా తమ్ముడు ఆన్‌లైన్ పేకాటలో పడి అప్పులు చేశాడు, అప్పు యాప్‌ల వాళ్ళు నాకు ఫోన్ చేస్తున్నారు. వాడు మాత్రం నేర్చుకుంటున్నా, అన్నీ తిరిగి గెలుస్తా అంటున్నాడు. వాడికి బాగా ఆడటం నేర్పండి. (పేరు వద్దన్నారు, పశ్చిమ గోదావరి)

జవాబు: అమ్మా, నేర్పను. పోయింది తిరిగి గెలుస్తా అనే మాట వచ్చాక ఎంత బాగా ఆడినా లాభం లేదు, అది ఆట కాదు అప్పటికి. ముందు అప్పుల లిస్టు మొత్తం ఒక కాగితం మీద రాయించండి, ఎవరికి ఎంత, దాచకుండా. మీరు మాత్రం కొత్తగా అప్పు చేసి తీర్చకండి, మళ్ళీ ఖాళీ అయిన ఖాతాతో ఆట మొదలవుతుంది. బ్యాంకు, యూపీఐ కొన్నాళ్ళు ఇంట్లో వేరేవాళ్ళ చేతిలో ఉంచేలా ఒప్పించండి. కేంద్ర ప్రభుత్వం మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు, మీరు కూడా చెయ్యచ్చు, తమ్ముడే చెయ్యాలని లేదు. అప్పు యాప్‌ల వాళ్ళు బెదిరిస్తుంటే 1930కి సైబర్ క్రైం కంప్లయింట్ ఇవ్వండి, ఆ కాల్స్ అన్నీ రికార్డు పెట్టుకోండి.

ప్రశ్న: ఇద్దరమే ఆడుకోవడానికి ఎలాంటి పేక, ఎన్ని చిప్స్ కొనాలి?

జవాబు: కిరాణా కొట్టు కాగితం పేక వద్దండి, రెండు రోజుల్లో మూలలు మడతపడి ఆసు ఎక్కడుందో వీపు చూసి చెప్పేస్తారు. పూర్తి ప్లాస్టిక్ పేకలు రెండు తీసుకోండి, వేరే రంగు వీపులవి, ఒకటి పంచుతుంటే ఇంకొకటి కలపచ్చు, తడిబట్టతో తుడుచుకోవచ్చు కూడా. మూలన అంకె పెద్దగా ఉండేవి చూడండి. చిప్స్ ఇద్దరికి 200 ఎక్కువే, ఒక్కొక్కరికి 25వి ఇరవై, 100వి ముప్ఫై అయిదు, 500వి పన్నెండు పెట్టుకుంటే సరిగ్గా 10,000 అవుతుంది, బ్లైండ్లు 50, 100తో మొదలెట్టండి. బటన్ కోసం ప్రత్యేకంగా ఏమీ కొనక్కర్లేదు, పాత పది రూపాయల బిళ్ళ చాలు.